చార్లెస్టన్, గల్లా దీవులు: వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాం కాబట్టి, సముద్రం చూడాలన్న చుట్టాలందర్నీ సౌత్ కరోలినా తీరంలోని చార్లెస్టన్‌కే తీసుకెళ్తుంటాం. మొదటిసారి గుర్రబ్బండి ఎక్కి, రంగురంగుల మేడలు చూసి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేశాం. ఆ మేడలు ఎవరి చేతులు కట్టాయో, ఆ డబ్బు ఏ పంట తెచ్చిపెట్టిందో రెండోసారి వెళ్తే గానీ తెలియలేదు. అప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లినా దానికోసమే వెళ్తున్నాం. ఫోన్‌లో అందరూ అవే సందేహాలు అడుగుతున్నారని జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది తీసి చదువుకోండి.

## బయలుదేరే ముందు

ఇన్ని ఊళ్లుండగా ఆఫ్రికన్ అమెరికన్ చరిత్రకి చార్లెస్టనే ఎందుకు?

బానిసలుగా ఉత్తర అమెరికాకి తెచ్చిన ఆఫ్రికన్లలో సుమారు 40 శాతం మంది ఈ ఒక్క రేవులోనే దిగారని చరిత్రకారుల లెక్క. వాళ్లని ఇక్కడికి తెచ్చింది ముఖ్యంగా వరి కోసం. సౌత్ కరోలినా తీరమంతా బాడవ నేల. ఇంగ్లండ్ నుంచి వచ్చిన దొరలకి వరి సాగు తెలియదు. సెనెగల్ నుంచి సియెర్రా లియోన్ దాకా పశ్చిమాఫ్రికా తీరంలో మాత్రం తరతరాలుగా వరి పండిస్తున్నారు. వరి సాగులో అలవాటున్న మనుషులు వచ్చారని వేలం ప్రకటనల్లోనే రాసేవారు. 1708 నాటికే ఈ కాలనీలో తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లు ఎక్కువ. అందుకే ఇక్కడ చరిత్ర మ్యూజియంలో ఎంత కనిపిస్తుందో కంచంలోనూ అంతే కనిపిస్తుంది.

గల్లా, గీచీ అంటారు, అసలు వీళ్లెవరు?

ఆ వరి పొలాల్లో, ఆ తర్వాత పత్తి చేలల్లో పనిచేసినవాళ్ల సంతతి. నార్త్ కరోలినా దక్షిణ కొస నుంచి ఫ్లోరిడా ఉత్తరం దాకా తీరం వెంబడి, దీవుల్లో ఉంటారు. సౌత్ కరోలినాలో ఎక్కువగా గల్లా అనీ, జార్జియాలో గీచీ అనీ అంటారు. మలేరియాకి భయపడి యజమానులు వేసవంతా దీవులు వదిలిపోయేవారు. వంతెనలు కూడా చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆ ఒంటరితనంలో ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న మాట, వంట, పాట, బుట్టల అల్లిక చాలావరకు నిలబడ్డాయి. 2006లో అమెరికా కాంగ్రెస్ ఈ తీరాన్ని గల్లా గీచీ సాంస్కృతిక వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. వీళ్లని గతించిన జాతిలా చూడకండి. మీకు భోజనం వడ్డించే ఆవిడ, టూర్‌లో నడిపించే ఆయన వాళ్లే అయి ఉండొచ్చు.

ఇండియా నుంచి వచ్చినవాళ్లం, మాకు ఇందులో సంబంధం ఏముంది?

చాలా ఉంది. 1965కి ముందు భారతీయులకి అమెరికా ఇచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. ఆ గేటు తెరిచిన చట్టం 1965 అక్టోబరులో వచ్చింది. అదే ఏడు ఆగస్టులో నల్లవాళ్ల ఓటు హక్కు చట్టం వచ్చింది. పుట్టుకని బట్టి మనిషికి విలువ కట్టకూడదని దెబ్బలు తిని, జైళ్లకెళ్లి, ప్రాణాలిచ్చి వాళ్లు తెచ్చిన మార్పే మన వలస చట్టానికీ దారి వేసింది. మనం వీసా స్టాంపింగ్ కోసం పడే ఆరాటం వెనక వాళ్ల త్యాగం ఉందని నేను మా పిల్లలకి చెబుతుంటాను.

ఇక తిండి సంగతి. మన నువ్వులు మన దేశం నుంచే ఆఫ్రికాకి వెళ్లి, అక్కడి నుంచి ఈ తీరానికొచ్చాయి. మన రాగులు, జొన్నలు, బొబ్బర్లు ఆఫ్రికా నుంచి మనకొచ్చాయి. మా అమ్మది గోదావరి జిల్లా. మ్యూజియంలో గల్లా వాళ్లు ధాన్యం చెరిగే గుండ్రటి పళ్లెం లాంటి బుట్ట, పక్కనే నిలువెత్తు రోకలి, కొయ్య రోలు చూసి కాసేపు కదల్లేదు. "మా నాయనమ్మ చేట ఇక్కడికెలా వచ్చిందే" అంది.

ఎన్ని రోజులు కావాలి? ఏ నెలలో వెళ్లాలి?

మూడు రోజులు. రెండు చార్లెస్టన్‌కి, ఒకటి దక్షిణాన బ్యూఫర్ట్, సెయింట్ హెలెనా దీవులకి. షార్లెట్ నుంచి కారులో మూడున్నర గంటలు, అట్లాంటా నుంచి అయిదు గంటలు. మార్చి నుంచి మే మొదటి వారాల దాకా, మళ్లీ అక్టోబరు చివర, నవంబరు బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో మన కోస్తా ఉక్కపోతే, దానికి తోడు దోమలు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తుపాన్లు కూడా వస్తుంటాయి కాబట్టి డబ్బు వెనక్కిచ్చే హోటల్ తీసుకోండి. సోమవారాలు మూసి ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆదివారం చాలా ఇంటి హోటళ్లకి సెలవు.

చిన్నపిల్లలున్నారు, భయపడతారేమో?

ఎనిమిదేళ్లు దాటినవాళ్లు బాగానే అర్థం చేసుకుంటారు. సంకెళ్ల దగ్గర మొదలుపెట్టకండి. పడవతో తప్పించుకున్న రాబర్ట్ స్మాల్స్ కథ చెప్పండి, బుట్ట అల్లే చేతుల్ని చూపించండి, తర్వాత కష్టాల్లోకి వెళ్లండి. మా అమ్మాయి తొమ్మిదో ఏట అడిగిన ప్రశ్న "వాళ్లమ్మని వేరేవాళ్లకి అమ్మేస్తే రాత్రి ఎవరి దగ్గర పడుకునేవాళ్లు?". దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న దాని మనసులోకి రావడమే మంచిదనిపించింది. అయిదేళ్లలోపు వాళ్లని వేలం నాటి మ్యూజియంలోకి తీసుకెళ్లకుండా, ఇద్దరిలో ఒకరు బయట ఆడించడం మేలు.

వాళ్లని ఏమని పిలవాలి? మాటల్లో ఏమైనా జాగ్రత్తలున్నాయా?

బ్లాక్ అనండి, ఆఫ్రికన్ అమెరికన్ అనండి, రెండూ మర్యాదే. ఇక్కడి గైడ్లు "బానిసలు" అనకుండా "బానిసలుగా చేసిన మనుషులు" అంటారు. బానిసత్వం వాళ్ల మీద రుద్దింది గానీ వాళ్ల పుట్టుక కాదు కదా. మన ఇళ్లలో అలవాటుగా దొర్లే ఎగతాళి మాటలు కొన్ని ఉన్నాయి. తెలుగు ఎవరికీ అర్థం కాదులే అనుకుని కూడా అవి వాడొద్దు, పిల్లలు వింటారు.

## చార్లెస్టన్ ఊళ్లో

ఒక్క మ్యూజియమే చూడగలం, ఏది చూడమంటారు?

ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. 2023 జూన్ 27న తెరిచారు. అది నిలబడింది గాడ్స్‌డెన్స్ వార్ఫ్ మీద. విదేశీ బానిస వ్యాపారం 1808 జనవరి 1 నుంచి నిషేధమని ముందే తెలియడంతో, ఆ గడువులోగా వీలైనంతమందిని దించుకోవాలని ఓడల మీద ఓడలు వచ్చింది ఈ రేవుకే. ఆ నేల మీద గోడ కట్టకూడదని, భవనం మొత్తాన్ని 18 స్తంభాల మీద 13 అడుగుల ఎత్తున నిలబెట్టారు.

కింద ఉన్న తోటకి టికెట్ అక్కర్లేదు. అక్కడ నేల మీద మనుషుల ఆకారాలు పక్కపక్కనే చెక్కి ఉంటాయి, ఓడ అడుగున వాళ్లని ఎలా ఇరికించి పడుకోబెట్టారో అలాగే. వాటిమీదకి నీళ్లు వచ్చి, మళ్లీ జారిపోతుంటాయి. ముందు అక్కడ కాసేపు మౌనంగా ఉండి, తర్వాత పైకెళ్లండి. పైన కరోలినా వరి గురించి, గల్లా జీవితం గురించి విడి గదులున్నాయి. కుటుంబ చరిత్ర వెతికి పెట్టే విభాగం కూడా ఉంది. ముత్తాత పేరు ఒక కాగితం మీద దొరికితే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లని అక్కడ చూశాను. మూడు గంటలు పెట్టుకోండి. టికెట్లు టైము ప్రకారం ఇస్తారు కాబట్టి ముందే తీసుకోవాలి. పెద్దవాళ్లు నడవలేకపోయినా లిఫ్టుంది.

ఓల్డ్ స్లేవ్ మార్ట్ చాలా చిన్నదట, వెళ్లాలా?

వెళ్లాలి. చామర్స్ వీధిలో ఉంది. 1856లో నగరం వీధుల్లో మనుషుల బహిరంగ వేలాన్ని నిషేధించింది. జాలితో కాదు, చూడ్డానికి బాగోలేదని. దాంతో వేలం నాలుగు గోడల మధ్యకి మారింది. అలాంటి వేలశాలల్లో మిగిలిన భాగమే ఇది. ఇక్కడ వస్తువులు తక్కువ, చదవాల్సింది ఎక్కువ. అమ్మకానికి ముందు మనిషికి కడుపునిండా పెట్టి, ఒంటికి నూనె రాసి, తెల్లవెంట్రుకలకి రంగేసి వయసు దాచేవారని చదివినప్పుడు, సంతలో పశువుల్ని ముస్తాబు చేయడం గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి. గంట చాలు. వెంటనే భోజనానికి వెళ్లకండి, రేవు దాకా కాసేపు నడవండి.

మదర్ ఇమాన్యుయేల్ చర్చి లోపలికి వెళ్లొచ్చా?

ఆదివారం ఆరాధనకి ఎవరైనా వెళ్లొచ్చు. మిగతా రోజుల్లో బయటి నుంచి దణ్ణం పెట్టుకుని రండి. అది ప్రార్థన జరిగే చోటు, కెమెరా పట్టుకుని తిరిగేది కాదు. ఈ నల్లవాళ్ల చర్చి సంఘం 1810ల నాటిది. సంఘంలోనివాడైన డెన్మార్క్ వీసీ, లాటరీలో గెలిచిన డబ్బుతో తన స్వేచ్ఛ కొనుక్కున్న వడ్రంగి, 1822లో తిరుగుబాటుకి ఏర్పాట్లు చేశాడని ఉరితీశారు. చర్చిని నేలమట్టం చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి రహస్యంగానే కలుసుకుంటూ 1865లో మళ్లీ బయటికొచ్చారు. 2015 జూన్ 17 రాత్రి బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని, పాస్టర్ క్లెమెంటా పింక్నీతో సహా, ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. కొత్తవాడని పక్కన కూర్చోబెట్టుకుని, గంట సేపు అతనితో కలిసి చదివారు వాళ్లు.

గుర్రబ్బండి టూర్ ఎక్కితే ఇవన్నీ చెప్పరా?

చెప్పేవాళ్లూ ఉన్నారు, మేడల కథలతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బుతో గల్లా గైడు నడిపించే టూర్ తీసుకోండి. పాత ఇటుకల్లో పిల్లల వేలిముద్రలు చూపిస్తారు. ఇటుకలు కోసింది, ఎండలో తిప్పింది బానిసత్వంలో ఉన్న పిల్లలు కూడా. తడి మట్టిలో పడ్డ ఆ వేళ్లు అలాగే కాలిపోయి ఉండిపోయాయి. ఇనుప గేట్లని చూడటం కూడా నేర్పుతారు. ఫిలిప్ సిమన్స్ అనే కమ్మరి (1912–2009) చేసిన గేట్లు, కిటికీ చట్రాలు ఊరంతా ఉన్నాయి, దేశం ఆయన్ని 1982లో జాతీయ స్థాయిలో గౌరవించింది. బ్లేక్ వీధిలో ఆయన ఇల్లు చూడొచ్చు. ఎయికెన్-రెట్ ఇంట్లో అయితే యజమాని హాలు, పెరట్లో పనివాళ్ల గదులు ఒకే చూపులో కనపడతాయి.

"హమ్ హోంగే కామ్‌యాబ్" పాట ఈ ఊరిదేనంటారు, నిజమా?

దాని మాతృకలో ఈ ఊరికి పెద్ద భాగముంది. "వి షల్ ఓవర్‌కమ్" మూలం నల్లవాళ్ల చర్చి పాటల్లో ఉంది. 1945లో చార్లెస్టన్ చుట్టల ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది, అందులో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్లు. వానలో నిలబడి ఆ పాటని సమ్మె పాటగా పాడారు. వాళ్లే దాన్ని టెనెసీలోని హైలాండర్ శిక్షణ కేంద్రానికి మోసుకెళ్లారు, అక్కడి నుంచి ఉద్యమమంతా పాకింది, చివరికి మన బడుల దాకా వచ్చింది. ఈస్ట్ బే వీధిలో ఆ ఫ్యాక్టరీ భవనం ఇంకా ఉంది. మా అమ్మా నేనూ దాని ముందు నిలబడి హిందీలో ఒక చరణం పాడుకున్నాం.

హైలాండర్‌లో పనిచేసిన సెప్టిమా క్లార్క్‌ది కూడా ఈ ఊరే. పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనందుకు 1956లో ఆవిడ టీచరుద్యోగం ఊడింది. మరుసటి ఏడే దగ్గర్లోని జాన్స్ దీవిలో ఒక దుకాణం వెనక గదిలో మొదలైన పౌరసత్వ బడి వెనక ఉన్నది ఆవిడే. ఓటు నమోదుకి చదువు పరీక్ష పెట్టి నల్లవాళ్లని వెనక్కి పంపేవారు కదా, ఆ పరీక్ష నెగ్గేలా పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పారు.

హ్యాంప్టన్ పార్కులో ఏముంది?

చెట్లు, చెరువు, 1822లో ఉరితీసిన డెన్మార్క్ వీసీ విగ్రహం. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు పోరాడిన అంతర్యుద్ధంలో ఇక్కడి గుర్రప్పందేల మైదానంలో ఉత్తరాది సైనికుల్ని ఖైదు చేశారు, చనిపోయినవాళ్లని గోతుల్లో కప్పెట్టారు. అప్పుడే విముక్తి పొందిన నల్లవాళ్లు 257 మందికీ విడివిడిగా సమాధులు కట్టి, 1865 మే 1న దాదాపు పదివేలమంది పూలతో ఊరేగారు. అమెరికా జరుపుకునే మెమోరియల్ డేకి ఇదే తొలి రూపమని కొందరు చరిత్రకారులంటారు.

## ప్లాంటేషన్ల దగ్గర

ప్లాంటేషన్లు, అంటే బానిసత్వంలో పని చేయించిన పెద్ద ఎస్టేట్లు, చాలా ఉన్నాయి, ఏది ఎంచుకోవాలి?

ఒక్కటే అయితే జేమ్స్ దీవిలోని మెక్‌లాయిడ్. అక్కడ టూర్ పెద్ద ఇంటి చుట్టూ తిరగదు, పాకల చుట్టూ తిరుగుతుంది. పత్తి పండించినవాళ్లు, విముక్తి తర్వాత అక్కడే ఉండిపోయినవాళ్ల కథ చెబుతారు. ఆ పాకల్లో 1990 దాకా మనుషులున్నారు.

బూన్ హాల్‌లో ఓక్ చెట్ల దారి పక్కన తొమ్మిది ఇటుక గదులున్నాయి. పెద్ద మేడ 1936లో కట్టింది, గదులే పాతవి. గల్లా వాళ్లు స్వయంగా పాడి, మాట్లాడి చెప్పే కార్యక్రమం కోసమైనా వెళ్లొచ్చు. మాగ్నోలియా తోటలు అందంగా ఉంటాయి. అక్కడ పాకల టూర్ కూడా తీసుకోండి, లేకపోతే తోట మాత్రమే చూసినట్టు.

ప్లాంటేషన్లో పెళ్లి ఫొటోషూట్ చేసుకుంటున్నారు కదా, మేమూ చేసుకోవచ్చా?

కొన్నిచోట్ల డబ్బు కడితే ఒప్పుకుంటారు. నన్నడిగితే వద్దంటాను. ఓక్ కొమ్మల నుంచి నాచు వేలాడే ఆ దారి ఫొటోలో చాలా బాగుంటుంది, నిజమే. ఆ దారి పక్కనే పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి అమ్మారు. మన ఊళ్లో వెట్టిచాకిరీ చేయించిన గడీ ముందు, ఆ వెట్టి చేసినవాళ్ల మనవలు చూస్తుండగా మనం పూలదండలతో నవ్వుతూ నిలబడగలమా? ఫొటోలకి సముద్రపు ఒడ్డుంది, మర్రి చెట్టులా విస్తరించిన ఏంజెల్ ఓక్ జాన్స్ దీవిలో ఉంది.

వరి పొలాలు ఇప్పటికీ కనిపిస్తాయా?

కనిపిస్తాయి, ఎలా చూడాలో తెలిస్తే. హైవే 17 మీద దక్షిణంగా వెళ్తుంటే ఆష్‌పూ, కాంబాహీ నదుల దగ్గర రెల్లు నిండిన బయళ్లు, వాటి మధ్య గీత గీసినట్టు తిన్నగా సాగే గట్లు కనిపిస్తాయి. సహజంగా ఏర్పడ్డవేమో అనుకుంటాం. అవన్నీ పారలతో, చేతులతో ఎత్తిన వరిమడి గట్లు. సైప్రస్ అడవుల్ని కొట్టి, పాములు, మొసళ్లున్న బురదలో నడుములోతు దిగి ఎత్తారు.

నీటి ఏర్పాటు గమనించండి. పోటు వచ్చినప్పుడు సముద్రపు ఉప్పునీరు బరువుగా కింద ఉండి, నది మంచినీటిని పైకి నెడుతుంది. ఆ మంచినీరు మడిలోకి వచ్చేలా కొయ్య తూము తలుపు ఎత్తేవారు, పాటులో నీరు బయటికి పోయేలా రెండో తలుపు తీసేవారు. కాస్త ఆలస్యమైతే ఉప్పు ఎక్కి పంట పోతుంది. తూము చూసేవాడి నేర్పు మీద మొత్తం పంట ఆధారపడేది. ఒక మనిషికి రోజు పని సాధారణంగా పావు ఎకరం, మన లెక్కలో 25 సెంట్లు. కోతల తర్వాత చలికాలమంతా రోట్లో దంచడం, చేటలో చెరగడం. ఈ నేర్పులో ఎంత ఆఫ్రికా నుంచి వచ్చింది, ఎంత ఇక్కడ పుట్టిందన్నదాని మీద పండితుల మధ్య వాదన ఉంది. ఆ పని చేసిన చేతులు ఎవరివన్నదాని మీద మాత్రం వాదన లేదు.

విముక్తి తర్వాత కూలీకి ఆ బురదలోకి దిగడానికి చాలామంది ఇష్టపడలేదు. 1893 నుంచి 1911 దాకా వరస తుపాన్లు గట్లని తెంచాయి. కరోలినా గోల్డ్ అన్న ఆ పాత రకాన్ని మళ్లీ ఇప్పుడు కొద్దిగా పండిస్తున్నారు. మిడిల్టన్ ప్లేస్ అనే ప్లాంటేషన్‌లో చిన్న మడి వేసి చూపిస్తారు.

## దీవుల వైపు

బ్యూఫర్ట్, సెయింట్ హెలెనా అంత దూరం వెళ్లాలా?

చార్లెస్టన్ నుంచి గంటన్నర. నా దృష్టిలో యాత్రలో మంచి రోజు ఇదే, ఎందుకంటే స్వేచ్ఛ వచ్చాక వాళ్లు ఏం చేశారో ఇక్కడ కనిపిస్తుంది.

రాబర్ట్ స్మాల్స్ 1839లో బ్యూఫర్ట్‌లో, యజమాని ఇంటి వెనక పాకలో పుట్టాడు. చార్లెస్టన్ రేవులో ప్లాంటర్ అనే దక్షిణాది సైనిక నౌకకి చుక్కాని పట్టేవాడు. 1862 మే 13 తెల్లవారకముందే, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, తనతో కలిపి 16 మందిని ఎక్కించుకుని నౌకని కదిలించాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, కెప్టెన్ లాగే నిలబడి, కోటల ముందు ఇవ్వాల్సిన ఈల సంకేతాలిస్తూ ఒక్కో ఫిరంగినీ దాటించాడు. ఫోర్ట్ సమ్టర్ దాటాక తెల్ల దుప్పటి ఎగరేసి ఉత్తరాది నౌకాదళంలో కలిశాడు. తర్వాత తాను ఎవరి ఇంటి వెనక పుట్టాడో ఆ ఇంటినే కొన్నాడు, కాంగ్రెస్‌కి అయిదుసార్లు ఎన్నికయ్యాడు. ప్రిన్స్ వీధిలో ఆ ఇల్లుంది, వేరేవాళ్లు ఉంటున్నారు కాబట్టి రోడ్డు మీద నుంచే చూడాలి. ఆయన సమాధి, విగ్రహం టాబర్నకుల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో ఉన్నాయి. 1863 జూన్‌లో కాంబాహీ నది మీద దాడికి సైన్యాన్ని నడిపించి 700 మందికి పైగా విడిపించిన హ్యారియెట్ టబ్‌మన్ విగ్రహం కూడా అదే ఆవరణలో 2024లో పెట్టారు.

అక్కడి నుంచి పావుగంటలో సెయింట్ హెలెనా దీవి, పెన్ సెంటర్. యుద్ధం ఇంకా జరుగుతుండగానే, 1862లో, విముక్తుల కోసం పెట్టిన బడి ఇది. అక్షరం నేర్పితే నేరమైన రాష్ట్రంలో తాతలూ మనవలూ ఒకే బల్ల మీద కూర్చుని చదివారు. వందేళ్ల తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ తన సహచరులతో ఇక్కడే సమావేశాలు పెట్టుకున్నాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి రాత్రి బస చేయగలిగిన చోట్లు అప్పట్లో ఈ రాష్ట్రంలో చాలా తక్కువ.

హిల్టన్ హెడ్ దీవిలో రిసార్ట్ బుక్ చేశాం, అక్కడేమైనా ఉందా?

మిచెల్‌విల్ ఉంది. 1862లో విముక్తులు తమకు తాముగా పాలించుకున్న ఊరు. సొంత ఎన్నికలు, సొంత చట్టాలు, పిల్లలకి తప్పనిసరి చదువు. ఇళ్లు మిగల్లేదు, ఇప్పుడది పార్కు, ఉదయం పూట హాయిగా నడవొచ్చు.

ఆ దీవిలో ఒకప్పుడు భూమి చాలావరకు గల్లా కుటుంబాలదే. 1956లో వంతెన పడ్డాక ధరలు, పన్నులు పెరిగాయి. తాత వీలునామా రాయకుండా పోతే భూమి అందరి పేరునా ఉమ్మడిగా ఉండిపోతుంది. దూరాన ఉన్న ఒక్క వారసుడి వాటా కొన్న బయటివాడు కోర్టుకెళ్లి మొత్తం వేలం వేయించేవాడు. భాగాలు తేలని ఉమ్మడి భూమి ఎలా చేజారుతుందో మన పల్లెల్లో పుట్టినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

గల్లా భాష మనకి అర్థమవుతుందా?

నెమ్మదిగా మాట్లాడితే కొంత. ఇంగ్లీషు మాటలు, ఆఫ్రికన్ నడక కలిసిన భాష అది. చాలాకాలం దాన్ని తప్పుల ఇంగ్లీషని బళ్లలో పిల్లల్ని కొట్టారు. లోరెంజో టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త ఏళ్ల తరబడి దీవుల్లో తిరిగి, 1949లో వేల ఆఫ్రికన్ మాటల్ని చూపించాక పండితులు నోరు మూశారు. వేరుశనక్కాయని గూబర్ అనడం, నువ్వుల్ని బెనె అనడం అక్కడివే. బజార్లో వాళ్లని అనుకరించి మాట్లాడకండి, యాసని ఎగతాళి చేసినట్టుంటుంది.

గడ్డి బుట్టకి అంత ధరేంటి? బేరం ఆడొచ్చా?

ఆడొద్దు. అరచేతంత బుట్టకే చాలా గంటలు పడుతుంది, పెద్దదానికి వారాలు, నెలలు. స్వీట్‌గ్రాస్ గడ్డిని చుట్ట చుడుతూ, పామెట్టో అనే తాటిజాతి చెట్టు ఆకు చీలికలతో కుడతారు. సూదికి బదులు అరగదీసిన చెంచా కాడ వాడతారు. తీరమంతా ఇళ్లు లేచి గడ్డి దొరకడం కష్టమైంది, దూరాలు పోయి కోసుకొస్తున్నారు. మౌంట్ ప్లెజెంట్‌లో హైవే 17 పక్కన కొయ్య స్టాళ్లలో కుట్టేవాళ్లే అమ్ముతారు. కొనలేకపోతే పలకరించి, చూసి రండి, ఫొటో తీసే ముందు అడగండి.

## భోజనం దగ్గర

మేం శాకాహారులం, అసలు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది గానీ అడిగి తినాలి. ఆకుకూర, చిక్కుడు గింజలు, బొబ్బర్ల అన్నం, రెడ్ రైస్, బెండకాయ సూప్, చూడ్డానికి అన్నీ మనవే. చాలావాటిలో రుచికి పంది మాంసం ముక్కో, పొగబెట్టిన టర్కీనో వేసి ఉడికిస్తారు. "మాంసం లేదు కదా" అంటే లేదనే చెబుతారు, ఎందుకంటే రుచికి వేసినదాన్ని వాళ్లు మాంసం లెక్కలో పెట్టరు. కాబట్టి విడిగా అడగాలి: బేకన్, హామ్ హాక్, నెక్‌బోన్, టర్కీ, చికెన్ బ్రాత్, లార్డ్ (పంది కొవ్వు) ఉన్నాయా అని. నవ్వుతూ అడిగితే ఏ గిన్నెలో ఏముందో దాపరికం లేకుండా చెబుతారు.

సాధారణంగా దొరికేవి: చీజ్ గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ సంకటి అనుకోండి), మాకరోనీ చీజ్, క్యాబేజీ కొన్నిచోట్ల, తియ్యటి చిలగడదుంప. వేయించిన బెండకాయ బాగుంటుంది, అదే నూనెలో చేపలు వేస్తారేమో కనుక్కోండి. గుడ్డు తినకపోతే కార్న్‌బ్రెడ్ వదిలేయాలి. దారిలో ఉప్పునీళ్లలో ఉడికించిన పల్లీలు అమ్ముతారు, పచ్చి కాయలతోనే, మన ఊరి రుచే. పంది తినని ముస్లిం స్నేహితులకీ ఇవే జాగ్రత్తలు.

రెడ్ రైస్ అంటే మన టమాటా రైసేనా?

పైకి అలాగే ఉంటుంది. మసాలా ఉండదు, టమాటా చిక్కదనం, ఉల్లి, పొగ వాసన ఉంటాయి, మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. పశ్చిమాఫ్రికాలో జోలోఫ్ అనే అన్నానికి ఇది తోబుట్టువు. బొబ్బర్లు కలిపి వండేది హాపిన్ జాన్, కొత్త సంవత్సరం రోజు అదృష్టమని తింటారు. ఉగాది పచ్చడి లేకుండా మనకి ఏడాది మొదలు కానట్టే వాళ్లకిది.

ఫ్రాగ్‌మోర్ స్ట్యూలో కప్పలుంటాయా?

ఉండవు. ఫ్రాగ్‌మోర్ అన్నది సెయింట్ హెలెనా దీవిలో ఒక ఊరు. రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు, సాసేజ్ కలిపి ఉడికిస్తారు.

సరే, ఎక్కడ తినమంటారు?

హానిబల్స్ కిచెన్, బ్లేక్ వీధిలో, 1980ల నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. పీత మాంసం కలిపి వేయించిన క్రాబ్ రైస్ వాళ్ల ప్రత్యేకత. మా ఆయన గోదావరి పీతల వేపుడు తప్ప ఇంకోటి ఒప్పుకోని మనిషి, రెండోసారి పెట్టించుకున్నాడు. హ్యాంప్టన్ పార్కుకి దగ్గర్లో కింగ్ వీధిలో రాడ్నీ స్కాట్ బార్బిక్యూ ఉంది. పందిని మొత్తంగా రాత్రంతా నిప్పుల మీద కాల్చి, వెనిగర్, మిరప కలిపిన పులుసు పూస్తారు. సౌత్ కరోలినా పల్లెలో నేర్చిన ఆ పనికి ఆయనకి 2018లో అమెరికాలో వంటవాళ్లకిచ్చే పెద్ద గౌరవం, జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. సెయింట్ హెలెనాలో పెన్ సెంటర్ దగ్గరే గల్లా గ్రబ్ ఉంది, పాత ఇంట్లో నింపాదిగా వడ్డిస్తారు.

వెళ్లే రోజు ఫోన్ చేసి తెరిచారో లేదో కనుక్కోండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మంచి కూరలు అయిపోతాయి. వంట ఆలస్యమైందని విసుక్కోకండి, టిప్పు 20 శాతం ఇవ్వండి. ఊరి నడిబొడ్డులో ఇవే వంటలు మూడింతల ధరకి అమ్మే పెద్ద రెస్టారెంట్లున్నాయి. ఆ వంటలు ఎవరివో ఆ కుటుంబాలకే డబ్బు చేరాలని నా కోరిక.

ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు?

కరోలినా గోల్డ్ బియ్యం ఒక సంచీ, సీ ఐలండ్ ఎర్ర బొబ్బర్లు, నువ్వులతో చేసిన పల్చటి బెనె బిస్కెట్లు. బియ్యం ఖరీదే, రోజూ వండుకునేది కాదు. మేం ఏడాదికోసారి, జనవరి 1న, మాంసం లేకుండా హాపిన్ జాన్ వండుతాం. ఎర్ర బొబ్బర్లు రాత్రి నానబెట్టి, మర్నాడు ఉల్లి, వెల్లుల్లి, ఒక బిర్యానీ ఆకు వేసి మెత్తబడేదాకా ఉడికించాలి, నీళ్లు పారబోయకూడదు. ఆ ఎర్రటి నీళ్లలోనే కడిగిన బియ్యం వేసి, సన్నటి సెగ మీద మూతపెట్టి ఇగరనివ్వాలి. పొగ రుచికి చెంచాడు స్మోక్డ్ పాప్రికా, చివర్న కాస్త నెయ్యి. మా అమ్మ ఇండియాలో ఉన్నా, ఆ రోజు వీడియోలో చూస్తూ, పక్కన ఆవకాయ పెట్టుకోమని ప్రతి ఏడూ గుర్తు చేస్తుంది.